సైలెన్సర్ మార్చేముందు ఒక్క ఉదయం బండి కిందికి చూడండి

మీరు రాసినదాన్ని ముందు ఒక వరసలో పెట్టుకుంటాను. 2012 మోడల్ చిన్న పెట్రోల్ కారు, 81 వేల కిలోమీటర్లు తిరిగింది, ఉండేది కాకినాడలో. పది రోజుల కిందట రంగు వెయ్యని స్పీడ్ బ్రేకర్ ఒకటి కనబడక బండి అడుగు గట్టిగా తగిలింది. అప్పటినుంచి స్టార్ట్ చేస్తే ట్రాక్టర్ మోత. యాక్సిలరేటర్ నొక్కితే పెరుగుతోంది, కాలు తీస్తే తగ్గుతోంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు లోపలికి కాస్త పొగ వాసన వస్తోంది. మెకానిక్ ఏమో “సైలెన్సర్ పోయింది, సెట్ మొత్తం మార్చాలి, 9 వేలు” అన్నాడు. మీ బావమరిది ఏమో “వెల్డింగ్ పెట్టిస్తే ఐదొందల్లో పోయేదానికి ఎందుకంత” అంటున్నాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి, అసలు ఇంట్లో మనమే చూసుకోగలమా అన్నది మీ ప్రశ్న.

చూసుకోగలరు. నేను ఆటోనగర్‌లో సైలెన్సర్ వెల్డింగ్ షాపులో ఎనిమిదేళ్లు చేసి, తర్వాత సొంతంగా చిన్న షెడ్ పెట్టుకున్నవాణ్ని. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఇద్దరూ బండి కిందికి వంగి చూడకుండానే మాట్లాడారు. నా అంచనా అయితే మీ వెనకాల డబ్బా బాగానే ఉంది, తేడా ముందు భాగంలో ఉంది. అంచనా ఎందుకో కింద చెబుతాను.

దానికంటే ముందు ఆ వాసన సంగతి. మోత పది రోజులు భరించినా ఏం కాదు గానీ వాసనను మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. మీ ముక్కుకు తగిలేది దానితోపాటు వచ్చే మిగతా వాయువులు. అంటే వాసన వచ్చిందంటే అది కూడా వచ్చినట్టే లెక్క. తలనొప్పి, తల తిరగడం, నిద్రమత్తు అనిపిస్తే వెంటనే బండి ఆపి బయటికి దిగాలి. బాగయ్యేదాకా పిల్లల్ని అందులో స్కూలుకు తీసుకెళ్లకండి. తప్పనిసరై తియ్యాల్సి వస్తే అద్దాలన్నీ దించి నడపండి, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపెయ్యండి. ఏసీ వేసుకుని అద్దాలు బిగించుకుని మాత్రం వద్దు.

ఇక అసలు విషయం. మనవాళ్లకో అలవాటుంది. ఇంజిన్ దగ్గర మొదలై బంపర్ కింద బయటికి వచ్చేదాకా ఉన్న గొట్టాన్నంతా కలిపి ‘సైలెన్సర్’ అనే అంటారు. అందుకే “సైలెన్సర్ పోయింది” అంటే వంద రూపాయల రబ్బరు తెగిందనీ కావచ్చు, వేల రూపాయల డబ్బా పోయిందనీ కావచ్చు. మీ దగ్గర డబ్బులు ఎక్కువ పోయేది ఈ ఒక్క మాట దగ్గరే. కాబట్టి ముందు ఏ ముక్క ఎక్కడుందో తెలుసుకోండి.

ఇంజిన్‌కు బిగించి ఉండే, కొమ్మల్లా చీలిన లోహపు భాగం మేనిఫోల్డ్. ఇంజిన్‌కూ దానికీ మధ్య, సందులోంచి పొగ కారకుండా ఆపే ఒక గ్యాస్కెట్ ఉంటుంది. తర్వాత పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్. కొన్ని బళ్లలో మేనిఫోల్డ్‌కే అతుక్కుని ఉంటుంది, కొన్నిట్లో కాస్త కిందికి ఉంటుంది. దాని ముందొకటి, వెనకొకటి, పొగలో ఆక్సిజన్ ఎంతుందో కనిపెట్టే ఆక్సిజన్ సెన్సర్లు. ఆ తర్వాత ఇంజిన్ ఊగినా పైపు విరక్కుండా ఒక మెత్తటి కీలు ఉంటుంది. అది కొన్ని బళ్లలో స్టీలు జాలీ చుట్టిన ఫ్లెక్సిబుల్ పైపు, కొన్నిట్లో గారె ఆకారంలో ఉండే రింగ్ గ్యాస్కెట్, దాన్ని నొక్కిపట్టే రెండు స్ప్రింగ్ బోల్టులు. అక్కణ్నుంచి పొడుగు పైపు, మధ్యలో చిన్న డబ్బా, వెనకాల పెద్ద డబ్బా. నిజానికి సైలెన్సర్ అంటే ఈ చివరిదే. మొత్తం పైపును బండి అడుక్కి వేలాడదీసేవి రబ్బరు హ్యాంగర్లు.

మీ బండికి అడుగు తగిలింది. ఆ దెబ్బ వెనక డబ్బాకు తగిలినా, పైపు ఒక్క ముక్కగా ఉంటుంది కాబట్టి కుదుపంతా వచ్చి చేరేది ఆ కీలు దగ్గరే. పైగా యాక్సిలరేటర్ నొక్కితే మోత పెరుగుతోందన్నారు, ఆగినప్పుడు వాసన లోపలికి వస్తోందన్నారు. బానెట్ కింద గానీ, డ్రైవర్ కాళ్ల దగ్గర గానీ పొగ కారుతుంటే అది అద్దం కింద ఉండే గాలి దారిలోంచి నేరుగా లోపలికి వస్తుంది. ఈ మూడూ కలిపితే వెనక డబ్బా కన్నా ఈ కీలు మీదే నాకు అనుమానం. అయినా అనుమానం మీద సామాను కొనకూడదు, చూసి కొనాలి.

చూడ్డానికి మంచి సమయం తెల్లవారుజామున, రాత్రంతా బండి ఆగి చల్లబడ్డాక. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే చెయ్యి పెడితే చర్మం ఊడి వస్తుంది. నా ఎడమ ముంజేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. చల్లగా ఉన్నప్పుడు చూడాలనడానికి ఇంకో కారణం కూడా ఉంది. లోహం వేడెక్కితే ఉబ్బుతుంది, చిన్న సందులు మూసుకుపోతాయి. చాలా లీకులు మొదటి రెండు మూడు నిమిషాలే తమ గుట్టు చెబుతాయి. మెకానిక్ దగ్గరికి పది కిలోమీటర్లు నడుపుకుంటూ వెళ్లేసరికి ఆ శబ్దం మాయమవుతుంది, ఆయన ఏదో ఒకటి చెబుతాడు.

చదునైన నేల, ఆరుబయట. షట్టర్ మూసిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చెయ్యనే వద్దు. హ్యాండ్‌బ్రేక్ వేసి, నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా ఇటుకలో కర్రదిమ్మెలో పెట్టండి. బండితో వచ్చిన జాకీ టైరు మార్చుకోవడానికే, దాని మీద నమ్మకంతో ఎవరూ కింద దూరకూడదు. దూరాలంటే జాకీ స్టాండ్లు ఉండాలి. అవి లేకపోతే దూరొద్దు, పక్కన బోర్లా పడుకుని సెల్‌ఫోన్ లైటుతో, కర్రకు కట్టిన అద్దంతో చూసుకున్నా సగం పని అవుతుంది. జాకీ మీద ఉన్న బండి ఇంజిన్ ఆన్ చేసి కింద ఉండడం అన్నది మాత్రం ఎప్పుడూ వద్దు.

ఇంజిన్ ఆన్ చెయ్యకముందే కళ్లతో చూడండి. లీకున్నచోట నల్లటి మసి చారికలు ఉంటాయి, దుమ్ము ఎగిరిపోయి చుట్టూ ఒక చార తేలుతుంది. ఫ్లెక్సిబుల్ పైపైతే జాలీ చిరిగి, తీగలు పీచులా లేచి ఉన్నాయా చూడండి. రింగ్ రకమైతే రెండు బోల్టుల్లో ఒకటి విరిగి స్ప్రింగ్ ఊడిపోయిందేమో చూడండి. ఈ రెండోది నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. ఒక బోల్టు పోతే పైపు ఒక పక్క నోరు తెరుస్తుంది, మోత అచ్చం మీరు చెప్పినట్టే ఉంటుంది.

తర్వాత పైపును, డబ్బాలను స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ వెనక్కి వెళ్లండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా ‘దబ్’ అంటుంది. కొబ్బరికాయ కొనేటప్పుడు కొట్టి చూస్తామే, అంతే విద్య. డబ్బా లోపల గలగల వినిపిస్తే లోపలి పలకలు ఊడినట్టు. క్యాటలిటిక్‌ను చేత్తో తట్టినప్పుడు కంకర కదిలినట్టు వినబడితే లోపలి తేనెపట్టు లాంటి గూడు పగిలినట్టు; దానికి ఇంటి వైద్యం లేదు. పైన కట్టిన, వేడిని అడ్డుకునే పల్చటి హీట్ షీల్డ్ రేకును కూడా కదిపి చూడండి. ‘సైలెన్సర్ మోత’ అంటూ మా షెడ్‌కు వచ్చిన బళ్లలో చాలావాటికి పోయింది ఆ రేకు స్క్రూ మాత్రమే. ఒక వేగం దగ్గర రేకు డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు మోగి, ఆ వేగం దాటగానే ఆగిపోతే అది హీట్ షీల్డే.

ఇప్పుడు ఇంట్లో ఎవరినైనా సీట్లో కూర్చోబెట్టి స్టార్ట్ చేయించండి. బండి నేల మీదే ఉండాలి, గేర్ న్యూట్రల్‌లో ఉండాలి. మీరు బానెట్ దగ్గర ఒకసారి, డ్రైవర్ తలుపు కింద ఒకసారి, వెనక ఒకసారి నిలబడి వినండి. ఇంజిన్ వేగంతోపాటు పెరిగే ‘టిక్ టిక్’ బానెట్ దగ్గర వినిపించి, వేడెక్కాక తగ్గిపోతే మేనిఫోల్డ్ గ్యాస్కెట్. తలుపు కింద బొంగురు గొంతుతో ‘గర్ర్’ మంటే కీలు. వెనకనుంచి బుల్లెట్ బండిలా గుడగుడమంటే డబ్బాలో చిల్లు. చెవి మోసం చేస్తుందనిపిస్తే మొక్కలకు నీళ్లుపోసే ట్యూబు మూడడుగులు కోసుకుని, ఒక కొస చెవి దగ్గర, ఇంకో కొస అనుమానమున్నచోట తిప్పండి. బెల్టు, ఫ్యాను వైపు ట్యూబు, చున్నీ, చొక్కా చేతులు వెళ్లకుండా చూసుకోండి.

అయినా తేలకపోతే తడిగుడ్డ పరీక్ష. మందంగా మడిచిన తడి గుడ్డతో, చేతికి గ్లౌజు వేసుకుని, వెనక గొట్టం మూతిని రెండు మూడు సెకన్లు మూయండి. లీకు లేని బండి అయితే చేతిని నెట్టేస్తుంది, ఇంజిన్ ఆగిపోబోతుంది. లీకుంటే అంత ఒత్తిడి రాదు, మధ్యలో ఎక్కడో ‘స్స్’ మని పాము బుసకొట్టినట్టు వినబడుతుంది. ఆ బుస ఎక్కడుందో కనిపెట్టడమే మీ పని.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరీక్ష ఇంజిన్ ఆన్ చెయ్యకుండానే అయ్యేది. గాలి ఊదే అవకాశమున్న వ్యాక్యూమ్ క్లీనర్ ఇంట్లో ఉంటే, దాని గొట్టాన్ని ఊదే వైపు తగిలించి, వెనక మూతిలో పెట్టి చుట్టూ గుడ్డ కుక్కండి. గిన్నెలు తోమే లిక్విడ్ నీళ్లలో కలిపి స్ప్రే బాటిల్‌లో పోసి అతుకులన్నిటి మీదా కొట్టండి. లీకున్నచోట బుడగలు పొంగుతాయి. వేడి లేదు, పొగ లేదు, తొందర లేదు. ఒక్క జాగ్రత్త: వెనక డబ్బా అడుగున సూదిబెజ్జం లాంటి చిన్న రంధ్రం ఒకటి కంపెనీయే పెట్టి ఉండొచ్చు. అక్కడ బుడగలొస్తే కంగారుపడి మూసెయ్యకండి. లోపలి నీళ్లు కారడానికి పెట్టింది అది.

నీళ్లెక్కడివి అంటారేమో. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. బండి పూర్తిగా వేడెక్కితే అదంతా ఆవిరై బయటికి పోతుంది. మీరేమో రోజూ స్కూలుకు రెండు కిలోమీటర్లు, మార్కెట్‌కు ఒకటిన్నర అని రాశారు. అంత చిన్న దూరాలకు వెనక డబ్బా గోరువెచ్చగా కూడా కాదు. ఆవిరి లోపలే చల్లబడి, పొగలోని ఆమ్లాలతో కలిసి అడుగున నిలబడిపోతుంది. అందుకే సైలెన్సర్ ఎక్కువగా లోపల్నుంచి బయటికి తుప్పు పడుతుంది. పైకి చిల్లు కనబడేసరికి దాని చుట్టూ రేకు అప్పటికే అప్పడంలా అయి ఉంటుంది. కాకినాడ ఉప్పుగాలి బయటినుంచి తన వంతు తాను చేస్తుంది. వారానికోసారి ఓ అరగంట హైవే మీద ఆపకుండా తిప్పి తీసుకురండి, లోపలంతా ఆరిపోతుంది.

ఇక బాగుచెయ్యడం. స్ప్రింగ్ బోల్టు విరిగినా, రింగ్ గ్యాస్కెట్ అరిగినా ఇంట్లో చేసుకోదగ్గ పనే. ఖర్చు వందల్లో ఉంటుంది, వేలల్లో కాదు. ముందురోజు రాత్రి, బండి చల్లబడ్డాక, నట్లకు తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలెయ్యండి. పొద్దున ఇంకోసారి కొట్టండి. పానా వేసి ఒకేసారి గుంజకండి. కొంచెం బిగించి కొంచెం వదిలి, అలా ఇటూ అటూ ఆడిస్తూ తియ్యండి. తొందరపడితే బోల్టు విరిగి సగం లోపలే ఉండిపోతుంది, అక్కడితో ఐదొందల పని ఐదు వేలవుతుంది. పాత రింగ్ అవశేషాలు ముక్క కూడా లేకుండా గీకి, కొత్త రింగ్ పెట్టి, కొత్త స్ప్రింగులు, కొత్త బోల్టులతోనే బిగించండి. స్ప్రింగుల్ని తీసేసి మామూలు బోల్టులు గట్టిగా బిగించేవాళ్లున్నారు. రెండు వారాలు నిశ్శబ్దంగా ఉంటుంది. తర్వాత కీలు ఆడే వీల్లేక పైపో, మేనిఫోల్డో పగులుతుంది.

ఈ అతుకు దగ్గర సిలికాన్ పేస్టు పూసే అలవాటు కూడా ఉంది. వద్దు. ఆ ఆవిర్లు ఆక్సిజన్ సెన్సర్‌ను పాడుచెయ్యొచ్చు. రింగ్ సరిగ్గా కూర్చుంటే ఏ పేస్టూ అక్కర్లేదు.

ఫ్లెక్సిబుల్ పైపు చిరిగితే పాతది కోసి కొత్తది వెల్డింగ్ చెయ్యాలి. అది షాపు పనే, ఇక్కడ మీ బావమరిది మాట సగం నిజం. కానీ చిరిగిన జాలీ మీదే వెల్డింగ్ చుక్కలు పెట్టించుకుంటే నెల రోజులు కూడా ఆగదు, కొత్త ముక్క వెయ్యమనాలి. దానితోపాటు ఇంజిన్‌ను బండికి పట్టి ఉంచే మౌంటింగులు కూడా చూడమనండి. మౌంటింగ్ రబ్బరు తెగితే ఇంజిన్ అతిగా ఊగుతుంది, ఆ ఊపుకు ఎన్ని కొత్త పైపులు వేసినా చిరుగుతూనే ఉంటాయి. ఒకాయన ఏడాదిలో మూడు పైపులు మార్పించుకుని నా దగ్గరికి వచ్చాడు. మౌంటింగ్ మార్చాక మళ్లీ పైపు కోసం రాలేదు.

వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీయించండి. వెల్డింగ్ మిషన్ ఎర్త్ క్లిప్పును అతుకు పెట్టే చోటికి దగ్గర్లోనే పెట్టించండి. షాపులో తొందరలో ఉంటే మీరే గుర్తు చెయ్యాలి, మొహమాటం వద్దు.

ఒకవేళ నా అంచనా తప్పి వెనక డబ్బాకే చిల్లు కనబడితే, దాని చుట్టూ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కి చూడండి. మొన దిగిపోతే ఆ డబ్బా అయిపోయింది, అతుకులు వెయ్యకండి, ఆ ఒక్క డబ్బానే మార్చండి. రేకు గట్టిగా ఉండి చిల్లు ఐదు రూపాయల బిళ్లకన్నా చిన్నదైతే అతుకు వేసుకోవచ్చు. వైరు బ్రష్షుతో మెరిసేదాకా తోమి, సైలెన్సర్‌కని ప్రత్యేకంగా అమ్మే వేడి తట్టుకునే పేస్టు పూయండి. పైపు మీదైతే దానిపై నూనె డబ్బా రేకు ముక్క చుట్టి రెండు స్టీలు హోస్ క్లిప్పులతో బిగించండి. తర్వాత ప్యాకెట్ మీద రాసినంతసేపు ఇంజిన్‌ను ఐడిల్‌లో తిప్పి ఆరనివ్వండి. ప్లంబర్లు వాడే పుట్టీ ఈ వేడికి ఆగదు. ఈ అతుకు ఓ ఆర్నెల్లో, ఏడాదో నడుస్తుంది, ఆలోగా డబ్బులు చూసుకోవచ్చు, అంతే. ముందు భాగంలో, మేనిఫోల్డ్ దగ్గర మాత్రం ఇలాంటి అతుకులు అసలు నిలవవు.

రబ్బరు హ్యాంగర్ తెగితే కొత్తది పెట్టడం పది నిమిషాల పని. ఎక్కడం లేదని గ్రీజు పూయకండి, రబ్బరు ఉబ్బిపోతుంది, సబ్బునీళ్లు చాలు. హీట్ షీల్డ్ స్క్రూ రంధ్రం తుప్పుతో పెద్దదైపోతే వెడల్పాటి వాషర్ వేసి బిగించండి. చప్పుడు చేస్తోందని రేకునే పీకి పారేసేవాళ్లుంటారు. దాని పైన నేల కార్పెట్టు, వైర్లు, కొన్ని బళ్లలో పెట్రోలు పైపు ఉంటాయి, వాటిని వేడినుంచి కాపాడేది ఆ రేకే.

మేనిఫోల్డ్ గ్యాస్కెట్ అని తేలితే ఇంట్లో ముట్టుకోవద్దనే చెబుతాను. దాన్ని పట్టి ఉంచేవి ఏళ్ల తరబడి కాలిన స్టడ్లు, అంటే ఇంజిన్‌లోకి దిగి ఉండే తల లేని బోల్టులు, విరిగితే డ్రిల్ చేసి తియ్యాలి. అలాగని వాయిదా వెయ్యడం కూడా మంచిది కాదు. సెన్సర్‌కు ముందు లీకుంటే బయటిగాలి లోపలికి పీల్చుకుని, పెట్రోలు తక్కువైందని సెన్సర్ పొరబడుతుంది. దాని మాట నమ్మి బండిలోని కంప్యూటర్ ఇంకా పెట్రోలు పోస్తుంది. మోతతోపాటు మీ మైలేజీ తగ్గి, ఇంజిన్ లైటు వెలుగుతుంటే ఈ దారిలో ఆలోచించండి.

ఇంకో మాట. పైపు విప్పినప్పుడు “ఆ క్యాటలిటిక్ తీసేద్దాం సార్, పికప్ పెరుగుతుంది, మైలేజీ వస్తుంది” అని ఎవరైనా ఉచితంగా సాయం చెయ్యబోతే ఒప్పుకోకండి. దానిలో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలు ఉంటాయి. ఆ సాయం ఎవరికో మీకర్థమయ్యే ఉంటుంది. అది తీస్తే పొల్యూషన్ పరీక్షలో తేలొచ్చు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద శబ్దం, పొగ ప్రమాణాలు మీరిన బండికి 10,000 రూపాయల దాకా జరిమానా, 3 నెలల దాకా జైలు, లేదా రెండూ కూడా ఉన్నాయి. మోతగా తిరగడం కూడా ఇదే లెక్కలోకి వస్తుంది కాబట్టి మీ పని త్వరగా తెముల్చుకోవడమే మేలు.

షాపుకు వెళ్లాల్సి వస్తే “సైలెన్సర్ చూడండి” అనకండి. మీరు చూసింది చూసినట్టు, ఉదాహరణకు “ముందు కీలు దగ్గర ఎడమ బోల్టు విరిగింది, రింగ్, బోల్టులు మార్చాలి” అనండి, సెల్‌ఫోన్‌లో తీసిన ఫొటో చూపించండి. తీసిన పాత సామాను మీ చేతికి ఇవ్వమనండి. తొమ్మిది వేల సంభాషణ అక్కడితో మారిపోతుంది.

పని అయ్యాక మళ్లీ ఒకసారి తడిగుడ్డ పరీక్ష చెయ్యండి, అద్దాలు మూసి ఒక నిమిషం నిలబెట్టి వాసన వస్తుందేమో చూడండి. వంద కిలోమీటర్లు తిరిగాక, బండి చల్లబడ్డాక, నట్లను ఇంకోసారి పానాతో పట్టి చూడండి. కొత్త గ్యాస్కెట్ కూర్చున్నాక అవి కాస్త వదులవుతాయి.